ఫారెస్ట్ ఔలెట్: 113 ఏళ్లు కనిపించని పగటి గుడ్లగూబ

మధ్య భారతంలోని పొడి ఆకురాల్చు అడవుల్లో, ముఖ్యంగా టేకు వనాల్లో నివసించే చిన్న గుడ్లగూబ ఫారెస్ట్ ఔలెట్. భారతదేశంలో తప్ప మరెక్కడా లేదు. నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 1872లో ఎఫ్.ఆర్.బ్లెవిట్ సేకరించిన పక్షి ఆధారంగా ఎ.ఓ.హ్యూమ్ మరుసటి ఏడాది దీనిని కొత్త జాతిగా వర్ణించారు. జాతీయ కాంగ్రెస్ స్థాపనతో ప్రసిద్ధుడైన హ్యూమే ఈయన.

పొడవు సుమారు 23 సెంటీమీటర్లు. తెలుగువారు పైడికంటె అని పిలిచే చుక్కల గుడ్లగూబ కూడా ఇవే అడవుల్లో ఉండటంతో రెండింటినీ పొరబడే అవకాశం ఎక్కువ. పైడికంటె నెత్తిపైన, వీపుపైన తెల్లచుక్కలు స్పష్టంగా ఉంటాయి. ఫారెస్ట్ ఔలెట్‌కు అవి దాదాపు కనిపించవు. దీని తల, ముక్కు పెద్దవి. రెక్కలపైన, తోకపైన వెడల్పాటి పట్టీలు, తెల్లని పొట్ట, తెల్లని ఈకలు కప్పిన బలమైన కాళ్లు ఇతర గుర్తులు. కళ్లు పసుపుపచ్చనివి.

గుడ్లగూబ అనగానే రాత్రి గుర్తుకొస్తుంది. ఇది ప్రధానంగా పగటి పక్షి. చలికాలపు ఉదయాల్లో ఆకులు రాలిన చెట్ల కొమ్మలపై ఎండ కాచుకుంటూ, తోకను అటూ ఇటూ ఆడిస్తూ కనిపిస్తుంది. బల్లులు, ఎలుకలు, మిడతలు, చిన్న పక్షులు దీని ఆహారం. చెట్ల తొర్రల్లో సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. మగపక్షి తన పిల్లలనే తిన్న ఉదంతమూ శాస్త్రపత్రికలకెక్కింది.

ఇంత బాహాటంగా తిరిగే పక్షి 1884 తర్వాత ఎవరికీ కనిపించకపోవడానికి ఒక మోసం కొంత కారణం. 1914లో గుజరాత్‌లోని మాండ్వీలో దీనిని సేకరించానని బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్ట్‌జాగన్ చెప్పుకున్నారు. నిజానికది జేమ్స్ డేవిడ్‌సన్ 19వ శతాబ్దంలో సేకరించిన పక్షే. మ్యూజియం నుంచి దొంగిలించి, కొత్త చీటీ తగిలించారు. ఆ చీటీని నమ్మి సాలిం అలీ, డిల్లన్ రిప్లీ వంటి ఉద్దండులు సైతం 1970లలో వెతికి విఫలులయ్యారు. నమూనాలను పరిశీలించి గుట్టు విప్పిన అమెరికా శాస్త్రవేత్త పమేలా రాస్‌ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబాట్‌లతో కలిసి పాత, నమ్మదగిన చిరునామాలనే పట్టుకుని బయలుదేరారు. 1997 నవంబరు 25న మహారాష్ట్రలోని షహాదా సమీపాన పక్షి కనిపించింది, అదీ పట్టపగలు.

తర్వాత మేల్ఘాట్‌లోనూ, మధ్యప్రదేశ్, గుజరాత్ అడవుల్లోనూ, 2014లో ముంబయికి చేరువలోని తాన్సా అభయారణ్యంలోనూ దీని ఉనికి వెల్లడైంది. అందువల్లే 2018లో ఐయూసీఎన్ దీనిని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు మార్చింది. ప్రౌఢ పక్షులు వెయ్యిలోపే ఉంటాయని ఆ సంస్థ అంచనా. సాగు కోసం అడవిని నరకడం, కార్చిచ్చులు, మూఢనమ్మకాలతో సాగే వేట ప్రధాన ముప్పులు. వంటచెరకు కోసం ముందుగా గొడ్డలికి ఎరయ్యేవి ముదిరిన, ఎండిన చెట్లే. దీనికి గూడునిచ్చే తొర్రలు ఉండేదీ వాటిలోనే.