తోడుపెట్టిన ఆకు

కొందరు కిటికీలో కుండీ పెట్టి పెంచే బటర్‌వర్ట్ మొక్క పురుగుల్ని తింటుంది. జిగురాకుకి అంటుకున్న దోమల్లాంటి వాటిని ఆకే అరిగించుకుంటుంది!

లాప్‌లాండ్‌లో ఈ ఆకులు పరిచి, వాటి మీదుగా అప్పుడే పితికిన పాలు వడపోసి, ఒకటి రెండు రోజులుంచితే చిక్కగా తోడుకునేవని లిన్నేయస్ 1737లో రాశాడు. అందులోంచి కాస్త తీసి మళ్లీ తోడు. అచ్చం మన వంటిల్లే కదూ! ఆ చేతులెవరివో కూడా రాసి ఉంటే బాగుండేది.

ఆకు తిండి సంగతి డార్విన్ 1875లో అచ్చువేశాడు. మిత్రుడు పంపిన 39 ఆకుల్లో 32 ఆకులకి 142 పురుగులున్నాయి. మాంసం ముక్క పెడితే ఆకు అంచు ముడుచుకుంది, పుల్లటి రసం ఊరింది.

ఆ చలిదేశపు రకానికి శీతాకాలపు నిద్ర కావాలి. అందుకే ఇళ్లల్లో ఎక్కువగా మెక్సికో రకాలే. వాటికి వాననీళ్లు పోస్తారు, మట్టిలో ఎరువు వెయ్యరు. ఒక ఆకు గిల్లి తడిమట్టి మీద పెడితే పిల్లమొక్క లేస్తుంది.