హోక్‌డాల్ డాక్టరుగారి రెండో జీవితం



భర్త పోయాక ఆయన మిగిల్చిన డబ్బు ఏం చెయ్యాలన్నది ఏ దేశంలోనైనా ఇంటింటా నలిగే విషయమే కదా. వియన్నాలో వైద్యచరిత్ర బోధించిన థియోడోర్ పుష్మన్ 1899లో కాలం చేశారు. ఆయన భార్య తన వీలునామాలో సుమారు 5 లక్షల మార్కులు జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. ఆస్పత్రి కట్టమని కాదండీ, వైద్యం ఎలా పుట్టి పెరిగిందో ఆ చరిత్ర వెలికితీయమని! అదేం పిచ్చి అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు.

ఆ సొమ్ముతో 1906లో వైద్యచరిత్రకి ఒక సంస్థ వెలిసింది. దాన్ని నడపమని పిలిచింది ఎవర్ననుకున్నారు? డ్యూసెల్డార్ఫ్ దగ్గర హోక్‌డాల్ అనే చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసుకుంటున్న కార్ల్ సూడ్‌హోఫ్‌ని. అప్పటికే ఆయనకి యాభై దాటాయి.

సూడ్‌హోఫ్ 1853లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పాస్టరుగారింట పుట్టారు. 1875లో డాక్టరు పట్టా పుచ్చుకుని, 1883 నుంచి 1905 దాకా హోక్‌డాల్‌లోనే ఉన్నారు. పల్లెటూరి డాక్టరుకి తీరికెక్కడిది? జ్వరాలూ, కాన్పులూ, వేళకాని వేళ తలుపు తట్టేవాళ్ళూ. ఆ సందుల్లోనే పారాసెల్సస్‌ని పట్టుకున్నారు. పారాసెల్సస్ అంటే 1493లో పుట్టి 1541లో పోయిన మొండి వైద్యుడు. పండితులందరూ లాటిన్‌లో పాఠాలు చెబుతుంటే 1527లో బాసెల్‌లో మామూలు జనం మాట్లాడే జర్మన్‌లో చెప్పాడు. పెద్దవాళ్ళకి కోపం రాదూ మరి!

ఆయన రాతల్లో చాలాభాగం అచ్చయింది ఆయన పోయిన తరవాతే. ఆ పేరు పెట్టుకుని ఎవరెవరో రాసినవీ వాటిలో కలిసిపోయాయి. బియ్యంలో రాళ్ళేరడం మనకి తెలిసిన పనే. సూడ్‌హోఫ్ చేసిందీ అదే. లైబ్రరీల్లో, పాత దస్తావేజుల్లో వెతికి, పారాసెల్సస్ పేరున అచ్చయిన 500 పైచిలుకు ప్రతులని ఒక్కొక్కటీ పరీక్షించి 1894లో పట్టిక వేశారు. 1899లో చేతిరాత ప్రతుల వంతు. జీతమిచ్చి చేయించినవాళ్ళు లేరు. లైప్‌జిగ్ వాళ్ళు ఆయన్ని పిలిచారంటే ఈ పని చూసే.

అక్కడికి వెళ్ళాక ఇంక ఆగలేదు. 1907లో వైద్యచరిత్రకొక పత్రిక మొదలుపెట్టారు. 1348 నాటి మహా ప్లేగు తరవాత నూట యాభై ఏళ్ళలో జనం కోసం రాసిన ప్లేగు పుస్తకాలని వెతికి తీసి, అందులో వరసగా అచ్చువేశారు. ఏం తినాలి, ఏ గాలి పీల్చకూడదు, ఇంట్లో ఏ పొగ వెయ్యాలి, ఇవే వాటిల్లో సలహాలు. 2020లో కషాయాలు కాచి, ఆవిర్లు పట్టి, గుమ్మం దాటకుండా కూచున్న మనకి ఆ పాత కాగితాలు పరాయివిగా తోచవు.

1925లో ఆయన కుర్చీలోకి హెన్రీ సీగరిస్ట్ వచ్చారు. 1932లో ఆయన అమెరికా వెళ్ళిపోయారు. 1944లో మన దేశానికి ఆరోగ్య వ్యవహారాల్లో సలహాలివ్వడానికి వచ్చింది ఈ సీగరిస్టే.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటుంది. 1933లో, ఎనభయ్యో పడిలో అడుగుపెడుతూ, సూడ్‌హోఫ్ హిట్లర్ నాజీ పార్టీలో చేరారు. వయసు మీద పడిందిలెమ్మని సరిపెట్టుకోడానికి నాకు మనసొప్పదు. ఒక్కో కాగితంలో అసలేదో నకిలీ ఏదో పసిగట్టిన కళ్ళు అవి. అదే సంవత్సరం 14 సంపుటాల పారాసెల్సస్ వైద్య రచనలు పూర్తిచేశారు. ఆ పుస్తకాలు లేకుండా పారాసెల్సస్ మీద తరవాతివాళ్ళెవరూ అడుగు ముందుకి వెయ్యలేకపోయారన్నదీ నిజమే.

1938లో సాల్జ్‌వెడెల్‌లో సూడ్‌హోఫ్ కన్నుమూశారు. పుష్మన్ శిష్యుడు, వియన్నాలో అదే చరిత్ర చెప్పిన మాక్స్ నోయ్‌బర్గర్ యూదుడు. ఆ మరుసటేడు, డెబ్భై ఏళ్ళ వయసులో, ఆయన ఇల్లూ ఊరూ వదిలి లండన్ పారిపోవలసి వచ్చింది.