సురేకారముతో చల్లబడిన నీరు

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో వేసవినాడు కుండనీరు చల్లగా నుండుటకు కారణము అందరును ఎరుగుదురు. మట్టిగోడనుండి ఊరిన చెమ్మ ఆవిరియగుచు లోని వేడిమిని గొనిపోవును. వానకారు వచ్చి గాలి చెమ్మగిలినచో ఆ చల్లదనము తగ్గిపోవును. మొగలు దర్బారువారు వేరొక దారి పట్టిరి.

అబుల్ ఫజల్ తన ‘ఆయినీ అక్బరీ’లో ఆ విధానమును వ్రాసియుంచెను. ఒక శేరు నీటిని వెండి కూజాలో పోసి మూతి బిగింతురు. వేరొక పాత్రలో ఐదు శేర్ల నీరు పోసి, రెండున్నర శేర్ల సురేకారము వేసి, అందులో కూజాను కొంతసేపు త్రిప్పుదురు. లోపలి నీరు చల్లబడును. తుపాకిమందులో మంటపుట్టించు వస్తువే నీటిని చల్లార్చుట ఆ గ్రంథకర్త దృష్టిని ఆకర్షించినది. 1687లో గోలకొండ ముట్టడినాడు ఇరుపక్షముల ఫిరంగులలో మండినదియు ఈ లవణమే.

ఇంత చెప్పుటకు కారణమున్నది. పందొమ్మిదవ శతాబ్దమున డెన్మార్కులో థామ్సెన్, ఫ్రాన్సులో బెర్తెలో వేడిమిని వెలువరించు మార్పులే తమంత తాముగ జరుగునని తలచిరి. వేడిమిని లోనికి పీల్చుకొనుచునే కరగు సురేకారము మాటేమి? అది రసాయన మార్పు కాదు, భౌతికమైనదేయని సమాధానము చెప్పుకొనవచ్చును గాని, మాకది సాకుగనే తోచుచున్నది. అక్బరు నీటి పరిచారకులు నిత్యము కన్నులార చూచిన సంగతి ఆ పండితుల సిద్ధాంతమునకు అడ్డు నిలిచినది.

అమెరికాలో గిబ్స్ 1875-78 నడుమ ప్రకటించిన వ్యాసములతోను, 1882లో హెల్మ్‌హోల్ట్స్ వ్రాతతోను చిక్కు వీడెను. స్ఫటికములో వరుసదీరి బిగిసియున్న అయానులను విడదీయుటకు శక్తి కావలెను. నీటి అణువులు వానిని చుట్టుముట్టినపుడు కొంత శక్తి తిరిగివచ్చును. వంట ఉప్పునకు మోలు ఒక్కింటికి సుమారు 787 కిలోజౌళ్లు వ్యయమై, నాలుగు తక్కువగా తిరిగివచ్చును. సురేకారమునకు ఈ లోటు దాదాపు 35. అందుచేతనే వంట ఉప్పు కరగునపుడు చేతికి చలువ స్వల్పముగనే తెలియును. లోటున్నను కరగుటకు కారణము, కట్టుదప్పిన అయానులు నీటినిండ చెదరి యుండుటకు గల మార్గములు లెక్కకు మిక్కిలిగా పెరుగుటయే. ఈ చెదరుటను శాస్త్రజ్ఞులు ఎంట్రోపీ అందురు. వేడిమి లోటును, చెదరుటవలని లాభమును కలిపి తూచవలెను.

అబుల్ ఫజల్ కొలతలోనే ఒక విశేషమున్నది. అతని లెక్క నూరు గ్రాముల నీటికి ఏబది గ్రాముల సురేకారము. 20 డిగ్రీలవద్ద సుమారు 32 గ్రాములే కరగును. నీరు చల్లబడిన కొలది ఇంకను తక్కువ. కావున కొంత సురేకారము పాత్ర అడుగుననే మిగిలియుండవలెను. కరగినదియు వ్యర్థము కాదు, నీటిని మరగించి ఎండబెట్టినచో మరునాటికి మరల దొరకును.