ఇటుక గోడ మీద తాతల పేర్లు

చికాగో నగరం ఉత్తర భాగంలో చికాగో కబ్స్ జట్టు ఆడే రిగ్లీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం ఉంది. 1914లో కట్టారు. అక్కడి పాత స్కోరుబోర్డు మీద అంకెలు ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. ఆట ముగియగానే దాని పైన ఒక జెండా ఎగురుతుంది. గెలిస్తే తెల్ల జెండా మీద నీలం రంగు డబ్ల్యూ, ఓడితే నీలం జెండా మీద తెల్లటి ఎల్. సాయంత్రం పనులు ముగించుకుని రైల్లో ఇళ్లకు పోయేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి ఆ రోజు ఫలితం తెలుసుకునేవారు. చికాగో కబ్స్ అభిమానుల్లో చాలా తరాల కళ్లు నీలం జెండాకే అలవాటుపడ్డాయి.

కబ్స్ మొదటినుంచీ ఓడే జట్టేమీ కాదు. 1907లో, 1908లో వరసగా వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తర్వాత 1945 దాకా ఏడుసార్లు ఆ తుదిపోరుకు చేరి ఏడుసార్లూ ఓడింది. ఆ 1945 సిరీస్‌కే బిల్లీ సయానిస్ అనే బార్ యజమాని తన మేకకు కూడా టికెట్ కొని తెచ్చాడనీ, దాన్ని ఉండనివ్వకపోయేసరికి జట్టును శపించాడనీ ఊరంతా చెప్పుకుంటారు. మేక కథ వినడానికి బాగుంటుంది. కానీ అసలు కారణాలు జట్టు కార్యాలయంలోనే వెతకాలి. 1961లో యజమాని ఫిలిప్ రిగ్లీ మేనేజరు పదవే తీసేసి, కోచ్‌లు వంతులవారీగా జట్టును నడపాలన్నాడు. ఈరోజు ఒకరు చెప్పింది రేపు ఇంకొకరు మార్చేవారు. మరుసటి ఏడాది జట్టు 103 ఆటలు ఓడిపోయింది. 1947 నుంచి 1966 వరకు 20 సీజన్లు లీగ్ పట్టికలో సగం పైకి రానేలేదు.

అయినా జనం రావడం మానలేదు. అందుకు ఆ మైదానమే సగం కారణం. 1937లో నాటిన తీగలు వెనక ఇటుక గోడంతా అల్లుకున్నాయి. ఫ్లడ్‌లైట్ల కోసం తెప్పించిన సామాను పెర్ల్ హార్బర్ దాడి జరగగానే యుద్ధ అవసరాలకు ఇచ్చేశారు. ఆ తర్వాత 1988 ఆగస్టు వరకు అక్కడ దీపాలే లేవు. సొంతగడ్డ మీద ఆటలన్నీ పగటిపూటే. బడి నుంచి వచ్చిన పిల్లలకు టీవీలో చివరి ఇన్నింగ్స్‌లు దొరికేవి. అభిమానం అలా ఇంట్లోనే, అన్నంతోపాటు అబ్బేది.

ఎర్నీ బ్యాంక్స్ ఆట చూడటానికైనా రావాల్సిందే. 1953లో జట్టులో చేరిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయన. 512 హోమ్ రన్లు కొట్టాడు. జట్టు గెలిచినవాటికన్నా ఓడిన ఆటలే ఎక్కువైన 1958, 1959 సంవత్సరాల్లో లీగ్ ఉత్తమ ఆటగాడు ఆయనే. 19 సీజన్లు ఒకే జట్టుకు ఆడి, ఒక్కసారైనా నాకౌట్ దశ చూడకుండా రిటైరయ్యాడు. ఎండ బాగా కాసిన రోజు ఇవాళ రెండు ఆటలాడదాం అనే మనిషి. 2015 జనవరిలో కన్నుమూశాడు.

జట్టు మంచిరోజు చూడటం కొద్దిలో తప్పిపోయినవారు ఇంకా ఉన్నారు. చావుకు దగ్గరపడిన కబ్స్ అభిమాని చివరి కోరిక మీద పాట కట్టిన గాయకుడు స్టీవ్ గుడ్‌మన్, లుకేమియాతో 1984 సెప్టెంబర్ 20న పోయాడు. సరిగ్గా నాలుగు రోజులకు కబ్స్ 39 ఏళ్ల తర్వాత తొలిసారి నాకౌట్‌కు అర్హత సాధించింది.

2003 అక్టోబర్ 14 మాత్రం అభిమానులు సిగ్గుపడాల్సిన రాత్రి. ఇంకో ఐదుగురిని అవుట్ చేస్తే జట్టు వరల్డ్ సిరీస్‌లో ఉంటుంది. స్టాండ్స్ వైపు వచ్చిన బంతి కోసం చాలా చేతులు లేచాయి. తగిలింది మాత్రం ఒక యువకుడి చేతికి. క్యాచ్ తప్పిపోయింది. ఆ తర్వాత ఆటగాళ్లే సులువైన బంతి వదిలేశారు, ఒకే ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు ఇచ్చారు. నింద మాత్రం ఆ కుర్రాడి మీద పడింది. అతన్ని కాపలా మధ్య బయటికి తీసుకుపోవాల్సొచ్చింది. ఏళ్ల తరబడి అతను జనం కంటబడలేదు. తనలాగే ఆ జట్టును ప్రేమించినవాడిని అలా వెంటాడటం క్షమించరాని తప్పు. 2017లో జట్టు అతనికి విజేతల ఉంగరం ఇచ్చింది.

ఆ ఉంగరం వెనక ఉన్నది 2016 నవంబర్ 2 రాత్రి. క్లీవ్‌లాండ్‌లో వరల్డ్ సిరీస్ ఏడో ఆట. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు 6-6. వాన వచ్చి 17 నిమిషాలు ఆట ఆగింది. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచింది. 1908 గెలుపుకీ దీనికీ మధ్యలో 108 ఏళ్లు గడిచాయి.

కబ్స్ వరల్డ్ సిరీస్‌కు వస్తే కలిసి విందామని ఎప్పుడో తండ్రితో మాట అనుకున్న ఒకాయన, నార్త్ కరోలినా నుంచి కారు నడుపుకుంటూ ఇండియానాలోని తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆ రాత్రి అక్కడే కూర్చుని ఫోన్‌లో వ్యాఖ్యానం విన్నాడు.

రిగ్లీ ఫీల్డ్ బయటి ఇటుక గోడ మీద ఆ రోజుల్లోనే సుద్దముక్కలతో పేర్లు మొదలయ్యాయి. ఒకరిని చూసి ఒకరు రాశారు. నాన్న పేరు, అమ్మమ్మ పేరు, పక్కన పుట్టిన ఏడు, పోయిన ఏడు. గులాబీ, పసుపు, తెలుపు రంగుల్లో ఇటుకలు కనబడకుండా నిండిపోయాయి. చేతికందే ఎత్తులో చోటు అయిపోయాక, పిల్లల్ని భుజాల మీద నిలబెట్టుకుని, ఒక్కో అక్షరం కింది నుంచి చెబుతూ తాతల పేర్లు పైన రాయించారు.