యమపురికి దారి లెక్క

చక్రాయపేటలో మా మామ మాసికాలు జరుగుతున్న రోజులు. గరుడపురాణం విన్న అత్త, “యమపురి ఎంత దూరముంటాది అమ్మీ?” అంది. లెక్కలంటే నాకు పిచ్చి కదా, కాగితం తీశాను.

వైతరణి కాక 86,000 యోజనాలట. జీవుడు రోజుకు 247 యోజనాలు నడవాలట. యోజనమంటే మన ఆమడ, ఎనిమిది మైళ్లనుకుందాం. మొత్తం 6,88,000 మైళ్లు. చంద్రుడికి దాదాపు మూడింతల దూరం! వేగమా, గంటకు 82 మైళ్లు. శ్రావణమాసంలో గండి ఆంజనేయుడి దగ్గరికి పోయే బస్సులు సిగ్గుపడాల్సిందే!

1969లో అపోలో 11 మూడు రోజుల్లో చంద్రుడి కక్ష్యలోకి చేరింది. ఆ లెక్కన యమపురికి తొమ్మిది రోజులు చాలు. పురాణం లెక్కకేమో 348 రోజులు, అంటే సంవత్సరీకం దగ్గరపడేదాకా.

“రాకెట్టెక్కితే ఇన్ని మాసికాలెందుకత్తా?” అన్నాను నవ్వుతూ.

అత్త నవ్వలేదు. “మీ మామకు తొమ్మిది దినాలు చాలునేమో. సాగనంపేదానికి నాకు ఏడాది కావాల అమ్మీ.”

కాగితం మడిచేసి, మాసికానికి బియ్యం కడగడానికి లేచాను.