గిడుగు వాదపద్ధతి: ప్రతిపక్ష రచనలే ప్రమాణాలు

గ్రాంథిక, వ్యావహారిక భాషావివాదంలో గిడుగు రామమూర్తి వాదానికి ప్రధానబలం ఆధారసేకరణ. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికానికి అండగా నిలిచింది. గ్రాంథికవాదులు వాడుకభాషను ‘గ్రామ్యం’గా నిరసించారు. ఈ ఆక్షేపణకు గిడుగు రెండు విధాల బదులిచ్చారు. ‘గద్యచింతామణి’లో పూర్వుల వచనాన్ని సంకలించి, వాడుకరూపాలు రచనకు కొత్తవి కావని చూపారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ (1933)లో గ్రాంథికవాదుల రచనలనే పరిశీలించి, తాము విధించిన వ్యాకరణనియమాలను వారే పాటించలేకపోయారని నిరూపించారు. పండితులకే పట్టుబడని భాషను బడిపిల్లల చేత రాయించడం ఎంతవరకు న్యాయమన్నదే ఈ వాదంలోని అసలు ప్రశ్న. ప్రత్యర్థి అంగీకరించిన ప్రమాణంతోనే అతని సిద్ధాంతాన్ని పరీక్షించడం వాదవ్యాసానికి ఆయువుపట్టు. పూర్వపక్షాన్ని శ్రద్ధగా చదవకుండా సిద్ధాంతం చేయరాదన్నది పరిశోధకులకు గిడుగు రచనలు నేర్పే పాఠం.