బూడిద ఇటుక (విశాఖపట్నం)

బొగ్గు మండగా మిగిలిన సన్నని బూడిదను సున్నంతోనో సిమెంటుతోనో కలిపి, బట్టీలో కాల్చకుండా, నీళ్లు పెట్టి గట్టిపరిచే ఇటుక ఇది. దీని చరిత్రలో విశాఖపట్నానిది పెద్ద చోటు. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఇక్కడి ఇన్‌స్వారెబ్ సంస్థ నుంచి ప్రచారంలోకి తెచ్చిన ‘ఫాల్-జి’ పద్ధతికి ఆ పేరు ఫ్లైయాష్, లైమ్, జిప్సంల నుంచి వచ్చింది. మూడూ పరిశ్రమల మిగులు నుంచే దొరుకుతాయి. బూడిద విద్యుత్ కేంద్రాలది, సున్నం ఎసిటిలీన్ తయారీలో మిగిలే మడ్డి, జిప్సం ఎరువుల కర్మాగారాలది. ఉక్కు, ఎరువులు, విద్యుత్తు పక్కపక్కనే ఎదిగిన ఈ ఊళ్లో ఇలాంటి ఆలోచన పుట్టడం సహజమే.

వ్యర్థంతో కట్టిన గోడ ఉప్పుగాలికి నిలుస్తుందా అన్న అనుమానం పాతదే, న్యాయమైనదే. అయినా అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపి రోమన్లు సముద్రపు నీటిలోనే రేవులు కట్టారు. ఈ ఇటుకలో జరిగే రసాయన చర్య కూడా అదే కోవది. కానీ అది నెమ్మదిగా సాగుతుంది, తడి కావాలి. నీళ్లు సరిగా పెట్టకుండా లారీకెక్కించిన ఇటుక అంచులు రాలుతాయి, అది ఉప్పునీటిని పీల్చుకుంటుంది. మట్టి ఇటుక కాలిందో లేదో మేస్త్రి రంగు చూసి, తట్టి చెప్పగలడు. బూడిద ఇటుక లోపం అలా బయటపడదు, పరీక్షించాల్సిందే. అందుకే నా దృష్టిలో దీని విలువ వ్యర్థం నుంచి పుట్టడంలో కన్నా తయారీలోని శ్రద్ధలోనే ఉంది.

వాడకాన్ని పెంచింది మాత్రం చట్టం. పొలాల పైమట్టిని కాపాడేందుకు 1999 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, బొగ్గు విద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపలి ఇటుకల తయారీలో బూడిద కలపాలంది. 2003లో ఆ పరిధి 100 కిలోమీటర్లయింది. విశాఖ దగ్గర 2002లో మొదలైన సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం పదేళ్లలో 2,000 మెగావాట్లకు చేరింది. బూడిదకు కొరత లేదు. ఈ ఇటుక బొగ్గుకు మంచిపేరు తెచ్చే ఎత్తు అనే విమర్శలో కొంత నిజముంది. అయితే ఇప్పటికే గుట్టపడిన బూడిద చెరువులో ఉంటే గాలికి లేస్తుంది, భూగర్భ జలాలకు చేటు చేస్తుంది. గోడలో బిగిసిన బూడిదతో ఆ ప్రమాదం చాలా తక్కువ.

విశాఖ ఒడ్డున చేపలు పట్టేవారుండే జాలరిపేటకు, ఉన్నదాన్ని మళ్లీ వాడుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. తాటాకు కప్పు ఎగిరిపోకుండా పాత వల పరిచే అలవాటు ఈ తీరానిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వీచినప్పుడు గోడల కన్నా ముందు పోయినవి తేలికపాటి కప్పులు. కాబట్టి ఇటుక మారిస్తే సరిపోదు. కప్పును గట్టిగా బిగించాలి, స్లాబు చువ్వలకు తుప్పు పట్టకుండా తగినంత కాంక్రీటు కప్పాలి. ఒడ్డున ఇల్లు కట్టుకునేవారు, కట్టించే అధికారులు ఇటుకల లోడు దింపించుకునే ముందు పరీక్ష కాగితం అడగాలి. అది లేని లోడును వెనక్కి పంపాలి.